దవాఖానకు పెళ్ళిచూపులు

నేను మత్తు డాక్టర్ని. బోర్డు మీద పెద్ద చదువు పేరే రాయించుకున్నాను గాని, దాన్ని తిన్నగా పలికిన రోగి నాకు ఒక్కడూ తగల్లేదు. సూది సారు అన్నారు, మత్తు సారు అన్నారు, మల్దకల్ దిక్కు ఒకామె ‘పండవెట్టే డాక్టరు’ అంది. నాకు ఆ చివరి పేరే నచ్చింది. మనుషుల్ని పండబెట్టడం, మళ్ళీ లేపడం, నేను బతుకంతా చేసిన పని ఇదే. పండబెట్టడం తొందరగానే నేర్చుకోవచ్చు. లేపడం నేర్చుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడింటికీ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఈ పనిలోకి రాబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, నా భార్య సావిత్రి చేసిన మిర్చి బజ్జీలు తిని, “మీ అనుభవాలు రాయండి సార్” అని పోతుంటారు. సరే, రాస్తున్నాను. నేను ఎప్పుడు ఎక్కడ చేరాను, ఎవరు శాలువా కప్పారు అనేది నాకే సరిగా గుర్తులేదు, మీకెందుకు? నాకు గుర్తున్నవి మనుషులు, వాళ్ళ గొంతులు. అందులోనూ ఒక్క గొంతు గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను. మధ్యలో కొన్ని తిట్లు కూడా దొర్లుతాయి. పెద్దవాణ్ణి కదా అని సర్దుకోండి.

మూడు ఊళ్ళు, ఒక కారు

మా ఇల్లు వనపర్తిలో. సొంత ఊరు గోపాల్‌పేట పక్కన, అంతా మెట్ట సేద్యం. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఈ చుట్టుపక్కల మత్తిచ్చేవాళ్ళు బహు తక్కువ. చిన్న దవాఖానలేవీ సొంతంగా ఒక మత్తు డాక్టర్ని పెట్టుకునే పరిస్థితి లేదు. సర్జన్ ఫోన్ చేస్తే మేమే పోయేవాళ్ళం. పొద్దున గద్వాలలో హెర్నియా, మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో కాన్పు ఆపరేషన్, సాయంత్రం మళ్ళీ వనపర్తిలో ఎవరిదో విరిగిన కాలు. బీచుపల్లి వంతెన మీద కృష్ణను పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాటేవాణ్ణి గాని, ఏనాడూ కారు ఆపి నీళ్ళు చూసిన పాపాన పోలేదు.

గొట్టాలు, గొంతులోకి చూసే దీపం, నాకు నమ్మకమున్న మందులు, అన్నీ నా కారు డిక్కీలోనే ఉండేవి. రోగి తరఫు వాళ్ళు దవాఖాన అద్దాల తలుపు చూసి, ఏసీ చూసి, రిసెప్షన్‌లో దేవుడి పటం చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళ మనిషి ఊపిరికి కావలసిన సామాను బయట ఎండలో నిలిపిన పాత కారులో ఉందని వాళ్ళకు తెలియదు.

ఈ ఏర్పాటు తప్పని నేను ఎన్నడూ అనను. ఇది లేకపోతే ఇక్కడి పేదవాడు ఒక చిన్న హెర్నియా కోసం హైదరాబాద్‌లో చుట్టాల ఇంట్లో పడి ఉండవలసి వచ్చేది. మేం తిరిగాం కాబట్టే ఈ ఊళ్ళలో ఆపరేషన్లు జరిగాయి, ఆ మాట గట్టిగానే చెబుతాను. కాకపోతే ఈ ఏర్పాటు ఏ రోగానికి సరిపోతుంది, దేనికి సరిపోదు అనేది తెలిసుండాలి.

తిరిగేవాడికి తొందర ఎక్కువ. ఆ తొందరకు విరుగుడు నాకు కర్నూల్‌లో పని నేర్పిన ప్రొఫెసర్ మేడమ్ దగ్గర దొరికింది. ఆపరేషన్ కాగానే గ్లౌజులు విప్పేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. రోగి కళ్ళు తెరిస్తే చాలదు, పేరు చెప్పాలి. దిండు మీది నుంచి తల ఎత్తమంటే ఎత్తి, మనం ఐదు లెక్కపెట్టేదాకా అట్లాగే ఉంచాలి. అప్పుడు గాని పక్కనుంచి కదలకూడదు. ఒకసారి నేను మూడు దగ్గరే కదిలాను. “ఏం నాయనా, బస్సు పోతుందా?” అని అందరి ముందూ అడిగి, సాయంత్రం దాకా ఆ రోగి పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టింది. అన్నానికి కూడా పంపలేదు. ఆ రోజు తిట్టుకున్నాను గాని, తర్వాత జీవితమంతా ఆ స్టూలే నన్ను కాపాడింది.

బండ్లు చూసి వచ్చినవాడు

మనవాళ్ళు దవాఖానను ఎట్లా ఎంచుకుంటారో లోపలి నుంచి చూసినవాణ్ణి నేను. ‘ఆయన చెయ్యి మంచిది’ అని వచ్చేవాళ్ళు ఎక్కువ. దాన్ని నేను ఎగతాళి చెయ్యను, ఒకే పని పదే పదే చేసిన చేతికి ఒక నేర్పు వస్తుంది. ఊరి డాక్టరు తన బండి మీద ఎక్కించుకొని తీసుకుపోయి ఎక్కడ దింపితే అదే మంచి దవాఖాన అనుకునేవాళ్ళు ఇంకొందరు. ఆయన అక్కడే ఎందుకు దింపాడని అడగరు. గద్వాల వాళ్ళకు ఇటు కర్నూల్, అటు రాయచూర్ దగ్గర. నాగర్‌కర్నూల్ వాళ్ళు పాలమూరనో హైదరాబాదనో బయలుదేరుతారు. పెద్ద ఊళ్ళో ఉన్నదంతా పెద్ద వైద్యమే అనుకోవడం ఒక పిచ్చి. మన కులపోడో మన ఊరోడో నర్సుగా ఉంటే చాలనుకోవడం ఇంకో పిచ్చి.

నాగర్‌కర్నూల్‌లో ఒకాయన తండ్రిని తెచ్చి చేర్పించాడు. ఇక్కడికే ఎందుకొచ్చావయ్యా అని ఊరికే అడిగాను.

“మంది మస్తుండ్రు సార్. బయట బండ్లు నిలుపనీకి జాగ లేదు. మంచి దవాఖాన కాకుంటె గింత మంది వస్తరా?”

నేను కిటికీలోంచి చూశాను. పక్కనే ఫంక్షన్ హాలు. ఆ రోజు ఎవరిదో పెళ్ళి. ఆ బండ్లన్నీ పెళ్ళికి వచ్చినవాళ్ళవి. ఆ మాట ఆయనకు చెబితే నోరు వెళ్ళబెట్టాడు. ఆయన అదృష్టం కొద్దీ ఆ దవాఖాన మంచిదే, తండ్రి బాగై ఇంటికి పోయాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు.

ఖైరున్ బీ వాకబు

ఇక అసలు కథకు వస్తాను. ఖైరున్ బీ గద్వాలలో సంబంధాలు కుదిర్చే మనిషి. గద్వాల నుంచి రాయచూర్ దాకా ముస్లిం ఇళ్ళలో ఆమె మాట మీద జరిగిన పెళ్ళిళ్ళు ఎన్నో. ఆమె కొడుకు గౌస్ బోరు మోటార్లు బాగుచేస్తాడు, బస్టాండు దగ్గర వైండింగ్ షాపు ఉంది. కోడలు రజియా ఇంట్లోనే చీరలకు ఫాల్ కుట్టి, కొంగుకు కుచ్చులు కడుతుంది. బడికి పోయే కూతురు ఒకతి. రజియా మెడ మీద థైరాయిడ్ గడ్డ ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చి, ఇక తీయించక తప్పదు అనే దాకా వచ్చింది.

ఎక్కడ తీయించాలి? ఖైరున్ బీకి తెలిసిన విద్య ఒక్కటే. పిల్లవాడి గురించి ఎట్లా వాకబు చేస్తుందో, గద్వాలలో శ్రీహరి దవాఖాన గురించి కూడా అట్లాగే వాకబు చేసింది. శ్రీహరి సర్జన్, నా దోస్తు. నేను అందరికన్నా ఎక్కువగా పని చేసింది ఆయన దగ్గరే.

ఆమె దవాఖాన గడప తొక్కలేదు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగుతూ కూర్చుంది. మందుల షాపు ముందు బెంచీ మీద కూర్చుంది. దవాఖాన బట్టలు ఉతికేవాళ్ళ ఇంటికి పోయింది. అక్కడ ఆపరేషన్ అయిన ఒకామెను వెతుక్కుంటూ మల్దకల్ దాకా పోయి, ఆమె కడుపు మీది కుట్లు చూసి వచ్చింది. ఇదంతా తర్వాత నాకు ఆమే చెప్పింది.

“మొదలే పిల్లగాని ఇంటికి పోవద్దు సార్. పోతే చాయ్ బిస్కట్ పెడ్తరు, మొహమాటమైతది. గల్లీల అడగాలె. గల్లీ అబద్ధం చెప్పదు.”

గల్లీ అంతా మంచే చెప్పింది. ఆపరేషన్ గది బట్టలు వేరుగా ఉడకబెడతారు. ఊడ్చే మనిషి ఏళ్ళ తరబడి మారలేదు, అంటే జీతం సరిగా ఇస్తున్నారు. కరెంటు పోతే జనరేటర్ వెంటనే మోగుతుంది. డాక్టరు అవసరం లేని మందులు రాయడు, మందుల షాపువాడు ఆ విషయం బాధపడుతూ చెప్పాడట. నేను అన్నేళ్ళు అక్కడ పనిచేశాను గాని, బట్టలు వేరుగా ఉడకబెడతారని నాకూ తెలియదు. “ఖరా దవాఖాన, నకిలీ లేదు” అని ఆమె గల్లీ అంతా చెప్పేసింది.

ఒక్క సంగతి మిగిలింది. మత్తు ఇచ్చేది ఎవరని అడిగితే వనపర్తి నుంచి వస్తాడన్నారు. ఇంటి మనిషి కాదు, బయటి మనిషి. అంతే, కోడల్ని వెంటబెట్టుకొని వనపర్తి బస్సెక్కింది.

ఆదివారం పొద్దున. నేను లుంగీలో పేపరు చదువుకుంటున్నాను. నల్ల బురఖాలో ఒక పెద్దామె, పక్కన ఒక చిన్నామె వచ్చి కూర్చున్నారు. పెద్దామె నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

“తాగుతరా సార్?”

“లేదమ్మా.”

“సిగరెట్?”

“కాలేజీల తాగిన. బంద్ చేసిన.”

“నిద్ర మంచిగ పడ్తదా?”

“పడ్తది.”

“కోపమొస్తదా?”

వంటింట్లోంచి సావిత్రి, “గది నన్ను అడుగమ్మా, నేను చెప్త!” అని అరిచింది. ఖైరున్ బీ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. నిజం చెబుతున్నాను, గర్వంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళలో నా గురించి వాకబు చేసిన మొదటి మనిషి ఆమె.

రజియా ఎట్లా పడుకుంటుంది

అత్త నవ్వుతుంటే కోడలు కూడా నవ్వింది. ఆ నవ్వు చివర సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు వచ్చింది. నేను పేపరు పక్కన పెట్టాను.

“దమ్ము సార్,” అంది ఖైరున్ బీ. “మా డాక్టరు గోలీలిస్తుండు. తగ్గుతది, మళ్ళొస్తది.”

“రాత్రి ఎట్ల పండుకుంటవు తల్లీ?” అని రజియాను అడిగాను.

రజియా అత్త వైపు చూసి, తల దించుకుంది. “పండుకోను సార్. గోడకు ఆనుకొని కూసుంట. పండుకుంటె పీక పట్టుకున్నట్టయితది.”

“ఎప్పటి సంది?”

“రంజాన్ ముందటి సంది.”

ఖైరున్ బీ నవ్వు ఆగిపోయింది. “నాకు చెప్పలేదేందే?”

“మీరు అడగలేదు అమ్మీ.”

ఎదురు చెప్పాలని అన్న మాట కాదు అది. రజియా మెత్తని మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. హోటల్‌ను అడిగి, మందుల షాపును అడిగి, బట్టలుతికేవాళ్ళను అడిగి వచ్చిన మనిషి, ఇంట్లో ఉన్న కోడలిని అడగడం మరిచిపోయింది.

రజియాను నిలబెట్టి, రెండు చేతులూ చెవులకు ఆనించి పైకెత్తమన్నాను. ఎత్తింది. చూస్తుండగానే ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు నల్లబడ్డాయి. చాలు దించమన్నాను. పిల్లలూ, ఈ చిన్న పరీక్ష గుర్తుపెట్టుకోండి, ఏ యంత్రమూ అక్కర్లేదు. పైకి కనిపించే గడ్డ సగమే. మిగతా సగం రొమ్ము ఎముక వెనకకు దిగి, ఊపిరి గొట్టాన్ని నొక్కుతోంది. దాన్నే అందరూ దమ్ము, ఉబ్బసం అనుకున్నారు.

నాకు భయం వేసింది. ఇట్లాంటి గొంతుకు మత్తిస్తే కండరాలు సడలి, ఉన్న సందు కూడా మూసుకుపోవచ్చు. గొట్టం లోపలికి దిగకపోవచ్చు. దిగింది, గడ్డ కూడా తీశారు అనుకుందాం. అంతకాలం నొక్కుకుపోయిన ఊపిరి గొట్టం మెత్తబడి కూలిపోవచ్చు. లేదా కోసిన చోట రక్తం ఊరి మెడను బిగించవచ్చు. అది జరిగితే చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలే. కుట్లు విప్పే మనిషి, మళ్ళీ గొట్టం వేసే మనిషి ఆ గదిలోనే ఉండాలి. ఫోన్‌లో ఉంటే లాభం లేదు.

“అమ్మా, ఈ ఆపరేషన్ శ్రీహరి దగ్గర వద్దు,” అన్నాను.

“ఏంది సార్? దవాఖాన మంచిది కాదా?”

“మంచిదే.”

“డాక్టరు మంచోడు కాదా?”

“మంచోడే. నా కడుపు కోయాల్సి వస్తే ఆయన చేతుల్లోనే పెడ్త.”

“మరి?”

“ఈ గొంతుకు అది చాలదు. కోసినంక రెండు మూడు దినాలు ఐసీయూల ఉంచాలె. ఊపిరి మిషన్ గావాలె. నాలాంటోడు పొద్దుమాపు ఆడనే ఉండాలె.”

“మీరుంటరు గద?”

“ఉండను. ఆమె లేచినంక నేను నాగర్‌కర్నూల్ పోత. నా పని గట్లనే ఉంటది.”

ఖైరున్ బీకి కోపం వచ్చింది. లేచి నిలబడింది. “దవాఖాన మంచిదంటరు, డాక్టరు మంచోడంటరు, మళ్ళ వద్దంటరు. ఇదెక్కడి లెక్క సార్? గల్లీ అంతా చెప్పుకున్న నేను. ఇప్పుడు వద్దంటె నా ఇజ్జత్ ఏంగావాలె?”

“కూసో అమ్మా. నువ్వు కుదిర్చిన పిల్లగాండ్లంతా మంచోళ్ళే గద?”

“మంచోళ్ళే.”

“ప్రతి మంచి పిల్లగానికి ప్రతి పిల్లను ఇస్తవా? ఈ పిల్ల ఏంది, ఆ ఇల్లేంది, కుదురుతదా లేదా అని చూస్తవా లేదా?”

ఆమె కూర్చుంది. కోడలి మెడ వైపు చూస్తూ ఉండిపోయింది. సావిత్రి తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

నేను ఈ వృత్తిలో నేర్చుకున్నదంతా కలిపి ఒక్క మాటలో చెప్పమంటే ఇదే చెబుతాను. మంచి దవాఖాన ఏది అని అడగకండి. ఈ మనిషికి, ఈ జబ్బుకు, ఏమైనా తేడా వస్తే చూసుకోవడానికి ఇక్కడ ఏముంది, ఎవరున్నారు అని అడగండి.

శ్రీహరి కోపం

మర్నాడు శ్రీహరికి నేనే చెప్పాను. చాటుగా చెప్పిన మాట ఊరంతా తిరిగి ఆయన చెవిన పడటం నాకు ఇష్టం లేదు. రెండు ఆపరేషన్ల మధ్య టీ తాగుతున్నాం.

“ఇంతకంటె పెద్ద గడ్డలు తీసిన నేను. నువ్వే మత్తిచ్చినవ్, యాది లేదా?”

“ఇచ్చిన. వాళ్ళెవ్వరు కూసోని నిద్రపోలే.”

“నా దవాఖానకు వచ్చే పేషెంట్‌ను నీ ఇంట్ల కూసోబెట్టి మర్లగొట్టినవ్. దోస్తువా, దుష్మన్‌వా?”

“దోస్తునే. అందుకే నీకు మొదలు చెప్తున్న.”

“రాయచూర్ నుంచి ఇంకొకర్ని పిలుచుకుంట.”

“పిలుచుకో. ఆమె ఎట్ల పండుకుంటదో ఆయన్ను కూడ అడగమను.”

గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టి లేచిపోయాడు. ఆ రోజు ఆపరేషన్ గదిలో నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడాడు. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ చెయ్యలేదు. నేనేమీ పశ్చాత్తాపపడలేదు గాని, బీచుపల్లి దారిలో కారు పోకపోవడం మనసుకు వెలితిగానే ఉండేది. మీకూ ఇట్లాంటి రోజు వస్తుంది. సర్జన్‌కు కోపం వస్తుందని నోరు మూసుకునేవాడు ఈ పనికి పనికిరాడు. అట్లాంటివాడు ఏ బ్యాంకులోనో చేరడం మేలు.

గౌస్ ఇంట్లో అంతకన్నా పెద్ద గొడవ. షాపు దగ్గర, కూతురి బడి దగ్గర, గద్వాలలోనే చేయిద్దాం అన్నాడు గౌస్. శ్రీహరి సారు ధైర్యం చెబుతుంటే ఈ మత్తు డాక్టర్ మాటేందన్నాడు. స్కాన్ తీయించారు, నేను అనుకున్నట్టే ఉంది. అయినా గౌస్ ఊగిసలాడాడు. చివరికి ఖైరున్ బీ నాకు ఫోన్ చేసింది.

“నేను కుదిర్చిన సంబంధం నేనే తెంపిన సార్. జిందగీల ఫస్ట్ టైం. ఇగ కర్నూల్ పోతం. ఆడ ఏమేం అడగాలెనో చెప్పుండ్రి.”

‘ఉంటారులేమ్మా’

నేను చెప్పినవి కష్టమైనవేం కావు. మెలకువగా ఉండగానే, కెమెరా ఉన్న సన్నని గొట్టంతో ఊపిరి దారి వెతికే ఏర్పాటు ఉందా అని అడగమన్నాను. ఆపరేషన్ తర్వాత ఏ మంచం మీద ఉంచుతారో ముందే చూపించమని అడగమన్నాను. అందరూ ఇంటికి పోయాక ఆ భవనంలో నిద్రలేకుండా ఉండే డాక్టర్ ఎవరో అడగమన్నాను. ఉంటారా అని కాదు, పేరు అడగమన్నాను. మెడ ఉబ్బితే కుట్లు ఎవరు విప్పుతారో అడగమన్నాను. ఈ మాటలు అడిగినప్పుడు ఎవరైనా విసుక్కుంటే లేచి వచ్చేయమన్నాను.

రెండు రోజుల తర్వాత కర్నూల్ నుంచి ఫోన్.

“పెద్ద దవాఖాన సార్, అద్దాలల్ల మన మొఖం కనవడ్తది. రాత్రి డాక్టర్ పేరేందని అడిగిన. ‘ఉంటారులేమ్మా’ అన్నరు. నాకు తెల్వదా సార్ ఆ మాట? పిల్లగాడు ఏం నౌకరి చేస్తుండంటె ‘చేస్తున్నాడులేమ్మా’ అంటరు సూడు, గట్ల. లేచొచ్చిన.”

రెండో చోట ఒక నర్సు ఆమె చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయిందట. “రా పెద్దమ్మా, చూపిస్తా. నీ కోడలు ఈ మంచం మీద ఉంటాది. ఆ కుర్చీలో మా డాక్టరు ఉంటాడు” అని, అక్కడే ఉన్న కుర్రడాక్టర్ని పేరుపెట్టి పిలిచి చూపించిందట. భవనం పాతది, గోడలకు సున్నం కూడా సరిగా లేదట. ఖైరున్ బీ ఒప్పుకొని వచ్చేసింది.

ఆపరేషన్ రోజు నన్ను రమ్మని పట్టుబట్టింది. పోయాను. ఆపరేషన్ గది తలుపుకు ఇవతల, బెంచీ మీద రోగి తరఫు వాళ్ళతో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాడికి ఆ బెంచీ మరీ నరకం. ఆపరేషన్ బాగా జరిగింది. గొట్టం వెంటనే తీయకుండా మర్నాడు పొద్దున తీశారు. రజియా లేచి కూర్చుంది, సైగలతో కూతురు ఏదని అడిగింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకొని, మధ్యాహ్నం అన్నం తిని బయలుదేరుదాం అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఐసీయూ లోపల అడుగుల చప్పుడు మారింది. నడక కాదు, పరుగు. అద్దంలోంచి చూశాను. రజియా మెడ ఒక పక్క ఉబ్బి, ఆమె గాలి కోసం చేతులు కొట్టుకుంటోంది. ఆ కుర్రడాక్టర్ కుర్చీలోంచి లేచి రెండు అంగల్లో మంచం దగ్గరున్నాడు. నర్సు ట్రే తెచ్చేలోపల కట్టు తీశాడు, అక్కడే కుట్లు విప్పేశాడు. రక్తం గడ్డలు బయటికి వచ్చాయి. గొట్టం వేశాడు. మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. నేను అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడ్చాను.

సాయంత్రానికి రక్తం కారుతున్న నాళాన్ని కట్టేశామని చెప్పారు. బతికింది. వారం తిరక్కుండానే ఇంటికొచ్చింది. గొంతు కొంచెం జీరపోయింది గాని, ఇప్పటికీ గద్వాలలో చీరలకు కుచ్చులు కడుతూనే ఉంది.

బెంచీ మీద అడిగిన మాట

ఆ సాయంత్రం బెంచీ మీద ఖైరున్ బీ నా పక్కన కూర్చుంది. తస్బీ పూసలు తిప్పుతూ ఉంది.

“గిది గద్వాలల్నయితె సార్?” అంది చివరికి.

“ఆ టైంకు నేను నాగర్‌కర్నూల్ల ఇంకొకర్ని పండవెడ్తుంటి. శ్రీహరి ఒక్కడే ఉంటుండె. కుట్లు విప్పుతుండె, గొట్టం వేసేటోడు లేకపోతుండె.”

“మీరు రావాలంటె?”

“రెండు గంటలు.”

ఆమె పూసలు తిప్పడం ఆపింది. “మరి ఇన్నేండ్లసంది మీరు పండవెట్టి పోయినోళ్ళు?”

దానికి నా దగ్గర జవాబుంది. అవి ఇట్లాంటి జబ్బులు కావమ్మా, తేలిక ఆపరేషన్లు, నేను ఎవర్నీ పూర్తిగా లేపకుండా పోలేదు, నా చేతుల మీద అట్లా ఎవరూ పోలేదు అని చెప్పాను. అదంతా నిజమే. ఆమె శ్రద్ధగా విని, తలూపింది.

“మంచిది సార్. పోతున్నని వాళ్ళకు చెప్పినరా?”

చెప్పలేదు. ఎవరూ చెప్పరు. సర్జన్ చెప్పడు, నర్సు చెప్పదు, చెప్పాలని మా ప్రొఫెసర్ మేడమ్ కూడా నేర్పలేదు. ఖైరున్ బీ నన్ను ఇబ్బంది పెట్టాలని అడగలేదు. ఆమె పనిలో పిల్లవాడు దుబాయ్ పోతాడా, ఊళ్ళో ఉంటాడా అనేది మొదట చెప్పవలసిన మాట. అది దాచి చేసిన పెళ్ళి మోసం కింద లెక్క.

కొన్నాళ్ళకు శ్రీహరి ఫోన్ చేశాడు. “హెర్నియా ఉన్నది. వస్తవా, రావా?” అన్నాడు. పోయాను. కారు దిగగానే రజియా సంగతి అడిగాడు. జరిగినదంతా చెప్పాను. శ్రీహరి గోడకు ఆనుకొని నిలబడిపోయాడు. “నువ్వు అడ్డం పడకుంటె నేను చేసేటోన్ని రా,” అన్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను, ఇద్దరం లోపలికి పోయాం.

టేబుల్ మీద జూరాల దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ఉన్నాడు. ఆకుపచ్చ గౌను తొడిగి, నడుముకు సూది వెయ్యడానికి సిద్ధంగా కూర్చోబెట్టారు. నేను సూది తీసుకోలేదు. ఆయన ఎదురుగా పోయి నిలబడ్డాను.

“పెద్దాయనా, నేను మత్తు డాక్టర్ను. ఆపరేషన్ అయినంక నీ కాళ్ళు మంచిగ కదిలేదాక ఈడనే ఉంట. ఆ తర్వాత వనపర్తి పోత. ఏదన్నయితె ఫోన్ చేస్తరు, నేను రానీకి గంట పైన పడ్తది. అప్పటిదాక శ్రీహరి సారు ఒక్కడే చూసుకుంటడు. నీకు సమ్మతమేనా?”

ఆయన నా వైపు చూశాడు. శ్రీహరి వైపు చూశాడు. ఒంటి మీది ఆకుపచ్చ గౌను వైపు చూసుకున్నాడు.

“గీ ముచ్చట బట్టలిప్పకముందు చెప్పాలె గద సార్,” అన్నాడు.

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలాయన టేబుల్ దిగి, తన పంచె ఇవ్వమని అడిగి కట్టుకొని, బయట కూర్చున్న పెండ్లాన్ని అడగడానికి పోయాడు. శ్రీహరి నా వైపు గుర్రుగా చూశాడు. నేను స్టూలు లాక్కొని, ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.